ఫోన్ ఛార్జింగ్ నిలవాలంటే: బ్యాక్‌గ్రౌండ్ యాప్‌లను వరుసగా అదుపు చేసే పద్ధతి

విశాఖ గాజువాకలో నిండా ఛార్జింగ్‌తో బయల్దేరిన ఫోను మధురవాడ ఆఫీసులో భోజనాల వేళకే ఎర్రగీతకి వస్తోందంటే, తప్పు ప్రతిసారీ బ్యాటరీదే అవ్వక్కర్లేదు. తెర ఆరిపోయి ఫోను జేబులో ఉన్నా, లోపల ఏదో ఒక యాప్ పని చేసుకుంటూనే ఉండొచ్చు. ఆ యాప్ ఏదో పట్టుకుని దాన్ని కట్టడి చెయ్యడం ఎలాగో ఇక్కడ వరుసలో చెబుతున్నాను.

అన్నిటినీ గుండుగుత్తగా ఆపేసే పద్ధతి కాదిది. అలా చేస్తే ఛార్జింగ్ కాస్త మిగులుతుంది, కానీ అలారం మోగదు, ఆర్డర్లు రావు, అమెరికాలో ఉన్న అమ్మాయి వీడియో కాల్ చేస్తే ఫోను పలకదు. సెట్టింగ్స్ మార్చడానికి మొత్తం మీద ఓ గంట చాలు. రోజుకో మెట్టు చొప్పున మార్చాలి కాబట్టి ఫలితం తేలడానికి కొన్ని రాత్రులు పడుతుంది.

1. ముందుగా మానెయ్యాల్సిన పని

పది నిమిషాలకోసారి రీసెంట్ యాప్‌ల తెర తెరిచి, కనబడినవన్నీ పైకి తోసి మూసెయ్యడం మానెయ్యండి.

ఆ తెర మీద కనిపించే యాప్‌లన్నీ నడుస్తున్నవి కావు. చాలామటుకు మెమరీలో నిద్రపోతూ ఉంటాయి. నిద్రపోయేవి ఛార్జింగ్ తినవు. మీరు తోసేసిన వాట్సాప్‌ని ఐదు నిమిషాల్లో మళ్ళీ తెరిస్తే, ఫోను దాన్ని మొదటి నుంచి లోడ్ చెయ్యాలి. ఆ పనికే ఎక్కువ ఛార్జింగ్ ఖర్చవుతుంది. ఏదైనా యాప్ బిగుసుకుపోతే దాన్నొక్కదాన్నే తోసెయ్యండి, అంతే.

ర్యామ్ క్లీనర్లు, బ్యాటరీ డాక్టర్ల పేరుతో వచ్చే యాప్‌లు ఉంటే ఇప్పుడే తీసెయ్యండి. ఇతర యాప్‌లని ఆపడానికి అవి తాము మాత్రం ఇరవై నాలుగ్గంటలూ మేలుకుని ఉంటాయి, పైగా ప్రకటనలు చూపిస్తాయి. ఆండ్రాయిడ్‌లో ఈ పని చేసే ఏర్పాటు 2015లో వచ్చిన 6వ వెర్షన్ నుంచీ లోపలే ఉంది. దాని పేరు డోజ్. తెర ఆర్పి, ఛార్జర్ లేకుండా ఫోను కాసేపు కదలకుండా పక్కన పెడితే యాప్‌ల నెట్ వాడకాన్ని వాయిదా వేసి, మధ్యమధ్యలో కాసేపు అనుమతిస్తుంది. 2018లో వచ్చిన 9వ వెర్షన్ నుంచి, మీరు ఎంత తరచుగా వాడతారన్న దాన్ని బట్టి యాప్‌లని వర్గాలుగా విడగొడుతుంది. మనం చెయ్యాల్సిందల్లా ఈ ఏర్పాటుని తప్పించుకుని తిరిగే యాప్‌లని పట్టుకోవడం.

2. సెట్టింగ్స్ ముట్టుకోకముందు

ఏమీ మార్చకుండా ఒక రాత్రి కొలవండి. పడుకునే ముందు ఎంత శాతం ఉందో కాగితం మీద రాసి, ఛార్జర్ పెట్టకుండా ఫోను పక్కన పడేయండి. లేవగానే మళ్ళీ రాయండి. రాత్రంతా ముట్టుకోని ఫోను ఐదారు శాతం తగ్గితే నా లెక్కలో ఫర్వాలేదు. పదిహేను, ఇరవై తగ్గిందంటే లోపల ఎవరో మేలుకునే ఉన్నారు. ఈ అంకె లేకుండా మొదలుపెడితే, తర్వాత బాగుపడిందో లేదో చెప్పడానికి ఆధారం ఉండదు.

యాప్‌ల మీద పడేముందు ఇంకో రెండు అనుమానాలు తీర్చుకోవాలి.

ఒకటి, బ్యాటరీ వయసు. ఐఫోన్‌లో సెట్టింగ్స్, బ్యాటరీ, బ్యాటరీ హెల్త్‌లో చూస్తే మొదటి సామర్థ్యంలో ఎంత మిగిలిందో శాతం కనిపిస్తుంది. 80 కంటే తగ్గితే బ్యాటరీ మార్చుకోవడమే అసలు వైద్యం. ఐఫోన్ 14 దాకా వచ్చిన మోడళ్ళ బ్యాటరీ 500 పూర్తి ఛార్జింగ్‌ల వరకు, 15 నుంచి వచ్చినవి 1000 వరకు 80 శాతం నిలిచేలా తయారైనవి. ఆండ్రాయిడ్‌లో కొన్ని కంపెనీల ఫోన్లు మాత్రమే ఈ సంగతి చూపిస్తాయి.

రెండు, సిగ్నల్. టవర్ దూరమయ్యే కొద్దీ ఫోను గట్టిగా అరిచి మాట్లాడాల్సి వస్తుంది, ఛార్జింగ్ అక్కడ పోతుంది. కొండ మలుపుల్లో, అపార్ట్‌మెంట్ సెల్లార్లలో ఇది మామూలే. బ్యాటరీ పేజీలో 'మొబైల్ నెట్‌వర్క్' అన్నది పై వరుసలో ఉంటే యాప్‌లని తిట్టి లాభం లేదు. 5జీ వచ్చీపోతూ ఉండే చోట నెట్‌వర్క్ రకాన్ని 4జీకి మార్చి చూడండి. ఇంట్లో వై-ఫై ఉంటే వై-ఫై కాలింగ్ ఆన్ చెయ్యండి.

మొదలుపెట్టే ముందు సరిచూసుకోండి:

- ఒక రాత్రి కొలత కాగితం మీద ఉంది
- సిస్టమ్ అప్‌డేట్, యాప్ అప్‌డేట్లు అయిపోయాయి
- అప్‌డేట్ అయ్యాక కనీసం ఒక రోజు గడిచింది (అప్‌డేట్ రోజున ఫోను తన లెక్కలన్నీ మళ్ళీ సర్దుకుంటుంది, ఆ రోజు ఛార్జింగ్ ఎక్కువే తింటుంది)
- బ్యాటరీ వయసు, సిగ్నల్ సంగతి చూశారు

3. ఆపకూడని యాప్‌ల జాబితా ముందే రాసుకోండి

ఈ మెట్టుని దాదాపు అందరూ దాటేస్తారు. తిప్పలన్నీ ఇక్కడే మొదలవుతాయి.

ఎంవీపీ కాలనీ రైతుబజారులో కూరగాయలమ్మే ఒకావిడ ఫోను, డబ్బు పడగానే ఎంత పడిందో పైకి చదివి చెప్పేది. ఛార్జింగ్ నిలవట్లేదని కొడుకు ఆ పేమెంట్ యాప్‌ని బ్యాక్‌గ్రౌండ్‌లో ఆపేశాడు. "డబ్బులేసేనంటాడు, ఫోనేమో పలకదు. ఎవుల్ని నమ్మాలి బాబూ?" అని ఆవిడ గోల. చేతి నిండా వంకాయలు తూస్తూ ప్రతి బేరానికీ ఫోను తెరిచి చూడ్డం అయ్యే పనేనా? ఆ ఒక్క యాప్‌కి బ్యాటరీ సెట్టింగ్‌లో 'అన్‌రిస్ట్రిక్టెడ్' (వెనక అడ్డు లేకుండా నడిచే అనుమతి) పెట్టాక మాట మళ్ళీ వచ్చింది.

ఇవి చాలామందికి ఆపకూడనివి:

- పేమెంట్ వచ్చినట్టు పైకి చెప్పే యాప్
- డెలివరీ, బైక్ ట్యాక్సీ, ఆటో నడిపేవాళ్ళ పార్ట్‌నర్ యాప్ (లొకేషన్ ఆగితే ఆర్డరు మీ దాకా రాదు)
- విడిగా దించుకున్న అలారం యాప్. స్టీల్‌ప్లాంట్ ఎ-షిఫ్ట్‌కి తెల్లారగట్ల లేవాల్సినవాళ్ళు దీని జోలికి పోవద్దు. ఇంకా మంచి పని, ఫోనుతో వచ్చిన గడియారం యాప్‌నే వాడటం
- షుగర్ కొలిచే సెన్సర్, వినికిడి యంత్రం, స్మార్ట్‌వాచ్‌లకి జతపడిన యాప్‌లు
- వాట్సాప్, ఆఫీసు మెసేజ్ యాప్
- పిల్లల స్కూలు బస్సు ఎక్కడుందో చూపించే యాప్, వాడుతుంటే

ఇందులో అన్నిటికీ 'అన్‌రిస్ట్రిక్టెడ్' అక్కర్లేదు. వాట్సాప్ లాంటివి మామూలు 'ఆప్టిమైజ్డ్'లో (వెనక ఎంత నడవాలో ఫోనే చూసుకునే రకం) ఉన్నా మెసేజ్‌లు వస్తాయి, డోజ్ అత్యవసర కబుర్లని ఆపదు. పార్ట్‌నర్ యాప్‌లు, పేమెంట్ పలుకు, వైద్య పరికరాలకి మాత్రం పూర్తి అనుమతి ఇవ్వండి.

4. దొంగని పట్టుకునే పేజీ

సెట్టింగ్స్, బ్యాటరీ, బ్యాటరీ యూసేజ్. పేరు కంపెనీని బట్టి కొద్దిగా మారుతుంది. దొరక్కపోతే సెట్టింగ్స్ పైన ఉండే వెతుకుడు పెట్టెలో 'బ్యాటరీ' అని కొట్టండి. సాయంత్రం పూట చూస్తే రోజంతటి లెక్క కనిపిస్తుంది.

అందరూ శాతం చూసి పై వరుసలో ఉన్న యాప్‌ని అనుమానిస్తారు. శాతం కాదు చూడాల్సింది. యాప్ పేరు మీద నొక్కితే రెండు సమయాలు కనిపిస్తాయి: తెర మీద ఎంతసేపు, బ్యాక్‌గ్రౌండ్‌లో ఎంతసేపు.

ఉదాహరణకి వీడియో యాప్ 30 శాతం తిన్నది, తెర మీద 2 గంటలు, వెనక 4 నిమిషాలు అనుకోండి. అది దొంగ కాదు, మీరు చూశారు, అది తిన్నది. దాని కింద ఎక్కడో షాపింగ్ యాప్ 7 శాతం దగ్గర ఉంది. తెర మీద 2 నిమిషాలు, వెనక 3 గంటలు. మీకు కావాల్సింది ఇదే.

పాటల యాప్, మ్యాప్, కాల్ యాప్‌లకి వెనక సమయం ఎక్కువ ఉండటం సహజం. వాటిని లెక్కలోంచి తీసెయ్యండి. మిగిలినవాటిలో తెర సమయం తక్కువ, వెనక సమయం ఎక్కువ ఉన్న మూడు యాప్‌ల పేర్లు కాగితం మీద రాసుకోండి. మూడు చాలు. రోజూ రీల్స్ చూపించే యాప్‌లు, వార్తల యాప్‌లు, షాపింగ్ యాప్‌లు, వాతావరణం విడ్జెట్లు, లోన్ యాప్‌లు తరచుగా ఈ జాబితాలో తేలతాయి.

'గూగుల్ ప్లే సర్వీసెస్' పైన కనిపిస్తే కంగారుపడి దాన్ని ఆపకండి. ఇతర యాప్‌లు లొకేషన్, సింక్ (ఫోన్‌లోని సమాచారాన్ని నెట్‌లోని ఖాతాతో సరిచూసుకోవడం) పనుల్ని దాని చేత చేయించుకుంటాయి, లెక్క దాని ఖాతాలో పడుతుంది. అసలు కారణం తర్వాతి మెట్టులో దొరుకుతుంది.

ఆండ్రాయిడ్ 13, ఆ తర్వాతి ఫోన్లలో ఇంకో దారి ఉంది. నోటిఫికేషన్ల తెరని రెండుసార్లు కిందికి లాగితే అడుగున ఎన్ని యాప్‌లు నడుస్తున్నాయో చూపే చిన్న గుర్తు వస్తుంది. నొక్కితే పేర్లూ, పక్కన 'స్టాప్' బటనూ ఉంటాయి. మీరు ఎప్పుడో ఆపేశాననుకున్న వీపీఎన్ (మీ నెట్‌ని వేరే సర్వర్ మీదుగా మళ్ళించే యాప్) ఇక్కడ నిక్షేపంగా నడుస్తూ కనిపించొచ్చు.

5. లొకేషన్ కట్టడి

నన్నడిగితే ఒక్క మెట్టే చేసే ఓపిక ఉన్నవాళ్ళు ఇదొక్కటీ చేసినా చాలు.

1. సెట్టింగ్స్, లొకేషన్, యాప్ లొకేషన్ పర్మిషన్స్ తెరవండి.
2. 'అలోడ్ ఆల్ ద టైమ్' కింద ఎవరెవరున్నారో చూడండి.
3. పార్ట్‌నర్ యాప్, ఇంట్లోవాళ్ళతో లొకేషన్ పంచుకునే యాప్ తప్ప మిగిలినవన్నీ 'వాడుతున్నప్పుడు మాత్రమే'కి మార్చండి.
4. ఫ్లాష్‌లైట్, కీబోర్డు, ఆటలు, ఫొటో ఎడిటర్ లాంటివి ఉంటే అసలు అనుమతే తీసెయ్యండి. టార్చిలైటుకి మీరు ఎక్కడున్నారో ఎందుకు?
5. అదే లొకేషన్ పేజీలో లొకేషన్ సర్వీసెస్ లోపల వై-ఫై స్కానింగ్, బ్లూటూత్ స్కానింగ్ ఉంటాయి. ఆపెయ్యొచ్చు.

ఆండ్రాయిడ్ 12 నుంచి ప్రైవసీ డ్యాష్‌బోర్డ్ ఉంది. గత 24 గంటల్లో ఏ యాప్ ఎప్పుడు లొకేషన్ చూసిందో గంట, నిమిషంతో సహా చెబుతుంది. మీరు నిద్రలో ఉన్న తెల్లవారుజామున కూపన్ల యాప్ లొకేషన్ చూసిందంటే దాని సంగతి తేలిపోయినట్టే.

6. రాసుకున్న మూడు యాప్‌ల పని పట్టడం (ఆండ్రాయిడ్)

యాప్ గుర్తు మీద వేలు నొక్కి పట్టుకుంటే 'యాప్ ఇన్ఫో' వస్తుంది. అందులో బ్యాటరీ. అక్కడ మూడు రకాలుంటాయి: అన్‌రిస్ట్రిక్టెడ్, ఆప్టిమైజ్డ్, రిస్ట్రిక్టెడ్. కొత్త వెర్షన్లలో ముందు 'అలో బ్యాక్‌గ్రౌండ్ యూసేజ్' అనే మీట కనిపిస్తుంది. ఆ మాట మీద నొక్కితే మిగిలినవి తెరుచుకుంటాయి.

వరుస ఇలా ఉండాలి:

1. 'అన్‌రిస్ట్రిక్టెడ్'లో ఉంటే ముందు 'ఆప్టిమైజ్డ్'కి దించి ఒక రాత్రి చూడండి.
2. అప్పటికీ తింటూ ఉంటే 'రిస్ట్రిక్టెడ్' పెట్టండి. నోటిఫికేషన్లు ఆలస్యం కావొచ్చు, అసలు రాకపోవచ్చు.
3. అదే యాప్ ఇన్ఫోలో మొబైల్ డేటా కింద 'బ్యాక్‌గ్రౌండ్ డేటా' ఆపండి.
4. అప్పటికీ లొంగకపోతే తీసెయ్యండి. నెలకోసారి కొనే షాపింగ్ బ్రౌజర్‌లో కూడా అవుతుంది.

కంపెనీల సొంత మెనూలు వేరుగా ఉంటాయి, రెండు చోట్లా చూసుకోవాలి.

శాంసంగ్: బ్యాటరీలో 'బ్యాక్‌గ్రౌండ్ యూసేజ్ లిమిట్స్'. 'స్లీపింగ్' యాప్‌లు అప్పుడప్పుడు లేస్తాయి. 'డీప్ స్లీపింగ్'లో వేసినవి మీరు తెరిస్తే తప్ప లేవవు. మూడో విభాగం 'నెవర్ ఆటో స్లీపింగ్', మూడో మెట్టులో రాసుకున్న జాబితాని ఇందులో వెయ్యండి.

షావోమి, రెడ్‌మి, పోకో: 'ఆటోస్టార్ట్' అని విడి జాబితా ఉంటుంది. ఫోను ఆన్ కాగానే తమంతట తామే లేచే యాప్‌లు ఇవి. అవసరమైనవి ఉంచి మిగతావి ఆపండి. యాప్ వారీ 'బ్యాటరీ సేవర్'లో ముఖ్యమైన యాప్‌లకి 'నో రిస్ట్రిక్షన్స్' ఉండాలి.

రియల్‌మి, ఒప్పో: యాప్ బ్యాటరీ పేజీలో 'అలో ఆటో లాంచ్', 'అలో బ్యాక్‌గ్రౌండ్ యాక్టివిటీ' అని వేర్వేరు మీటలుంటాయి. పార్ట్‌నర్ యాప్‌కి రెండూ ఆన్‌లో ఉండాలి. ఒకటి ఆన్ చేసి రెండోది మర్చిపోతే, మద్దిలపాలెం జంక్షన్‌లో పక్కవాడికి ఆర్డర్లు పడుతుంటే మీరు ఫోను చూసుకుంటూ కూర్చుంటారు.

వివో: బ్యాటరీలో బ్యాక్‌గ్రౌండ్ వాడకాన్ని యాప్ వారీగా అనుమతించే పేజీ ఉంటుంది.

7. ఐఫోన్ వాళ్ళకి

పని తక్కువే. సెట్టింగ్స్, జనరల్, 'బ్యాక్‌గ్రౌండ్ యాప్ రిఫ్రెష్' తెరవండి. పైన 'వై-ఫై' మాత్రమే ఎంచుకుంటే మొబైల్ డేటా మీద వెనక పనులు ఆగుతాయి. కింద యాప్ వారీగా మీటలుంటాయి, అక్కర్లేనివి ఆపండి. ఇది ఆపినంత మాత్రాన నోటిఫికేషన్లు ఆగవు కాబట్టి ధైర్యంగా ఆపొచ్చు.

ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో లొకేషన్ సర్వీసెస్ తెరిచి 'ఆల్వేస్' ఉన్నవాటిని 'వైల్ యూజింగ్'కి మార్చండి. మెయిల్ అకౌంట్ల దగ్గర 'ఫెచ్ న్యూ డేటా' ఉంటుంది, పదిహేను నిమిషాల బదులు గంటకోసారి చాలు.

ఛార్జింగ్ 20 శాతానికి దిగినప్పుడు లో పవర్ మోడ్ పెట్టమంటారా అని ఫోనే అడుగుతుంది. అడిగేదాకా ఆగక్కర్లేదు, ముందే పెట్టుకోవచ్చు. ఛార్జింగ్ 80 శాతం దాటితే దానంతటదే ఆఫ్ అవుతుంది.

8. సింక్, బ్యాకప్, వాట్సాప్ గ్రూపులు

ఇవి పేజీల్లో దొంగల్లా కనబడవు గానీ కలిసి గట్టిగానే తింటాయి.

- గూగుల్ ఫొటోస్ బ్యాకప్‌లో మొబైల్ డేటా వాడకం ఆపండి. ఆర్కే బీచ్‌లో తీసిన వీడియోలు ఇంటికొచ్చాక వై-ఫైలో ఎక్కుతాయి.
- వాట్సాప్, స్టోరేజ్ అండ్ డేటా, మీడియా ఆటో డౌన్‌లోడ్: మొబైల్ డేటా కింద అన్నీ తీసెయ్యండి. అపార్ట్‌మెంట్ గ్రూపు, చుట్టాల గ్రూపు, పదో తరగతి బ్యాచ్ గ్రూపు శుభోదయం బొమ్మలన్నీ అడక్కుండా దిగడం ఆగుతుంది.
- వాట్సాప్ బ్యాకప్ వై-ఫై మీద మాత్రమే.
- పాత జీమెయిల్ అకౌంట్లు నాలుగైదు ఉంటే, వాడనివి ఫోన్‌లోంచి తీసెయ్యండి. ప్రతి అకౌంటూ విడిగా సింక్ అవుతుంది.

9. తేడా కొడితే

*అలారం మోగలేదు, ఆర్డర్లు ఆగాయి.* మూడో మెట్టు జాబితాతో ఆరో మెట్టు సరిచూడండి. ముఖ్యంగా కంపెనీ మెనూ.

*అన్నీ చేశాను, తేడా లేదు.* ఫోన్‌ని సేఫ్ మోడ్‌లో పెట్టి ఒక రాత్రి వదలండి. చాలా ఫోన్లలో పవర్ ఆఫ్ గుర్తుని నొక్కి పట్టుకుంటే వస్తుంది. మీరు దించుకున్న యాప్‌లేవీ అప్పుడు నడవవు కాబట్టి అలారం, మందుల యాప్‌ల మీద ఆధారపడే రాత్రి ఈ పని చెయ్యకండి. సేఫ్ మోడ్‌లో ఛార్జింగ్ నిలిచిందంటే దొంగ మీరు దించిన యాప్‌ల్లోనే ఉన్నాడు. ఈమధ్య దించినవాటిని ఒక్కొక్కటే తీస్తూ రండి.

*పేరు తెలియని యాప్ ఏదో పైన కనిపిస్తోంది, తీసేద్దామంటే పోవట్లేదు.* యాక్సెసిబిలిటీలో, డివైస్ అడ్మిన్ యాప్‌లలో దానికి అనుమతి ఉందేమో చూసి, ముందు ఆ అనుమతి తీసి తర్వాత తొలగించండి. వాట్సాప్‌లో ఎవరో పంపిన ఏపీకే ఫైల్ (ప్లే స్టోర్‌తో పని లేకుండా యాప్‌ని ఎక్కించేది) నొక్కి ఉంటే ఇది ఛార్జింగ్ గొడవ మాత్రమే కాదు. నెట్ ఆపేసి, వేరే ఫోన్ నుంచి బ్యాంకు పాస్‌వర్డ్‌లు మార్చండి.

*ఎప్పుడూ బ్యాటరీ సేవర్‌లోనే ఉంచుతాను.* ఫోను పాడవ్వదు, కానీ అసలు దొంగ ఎప్పటికీ దొరకడు. కొలిచే రోజుల్లో ఆపి ఉంచండి.

*ఒకేరోజు పదిహేను సెట్టింగ్స్ మార్చాను.* ఏది పని చేసిందో తెలియదు, ఏది చెడగొట్టిందో కూడా తెలియదు. రోజుకి ఒక మెట్టే మార్చండి.

10. అరకు రైలు, తుఫాను రోజులు

అరకు వెళ్ళే రైల్లో బొర్రా గుహలు చేరేలోపే వరుసగా సొరంగాలు. సిగ్నల్ పోవడం, రావడం, మళ్ళీ పోవడం. ఆ దారిలో ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టేసుకోండి, కెమెరాకి సిగ్నల్ అక్కర్లేదు. మ్యాప్ ముందే ఆఫ్‌లైన్‌లో దించుకుంటే జీపీఎస్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లోనూ పని చేస్తుంది.

అక్టోబర్, నవంబర్‌లలో అల్పపీడనం వార్త వినగానే ఇంకో రకం సన్నాహం కావాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటాక విశాఖలో చాలా పేటల్లో రోజుల తరబడి కరెంటు లేదు, టవర్లూ మూగబోయాయి. టవర్ లేనప్పుడు ఫోను దాన్ని వెతుక్కుంటూనే ఛార్జింగ్ అంతా ఊడ్చేస్తుంది.

తుఫాను ముందు రోజు:

- ఇంట్లో ఫోన్లన్నీ, పవర్‌బ్యాంకూ నిండా ఛార్జింగ్. పవర్‌బ్యాంకు మీద 10,000 ఎంఏహెచ్ అని ఉన్నా ఫోన్‌కి చేరేది సుమారు మూడింట రెండొంతులే, లెక్క అలా వేసుకోండి
- నగరం మ్యాప్ ఆఫ్‌లైన్‌లో దించుకోవడం
- ముఖ్యమైన నంబర్లు కాగితం మీద. అత్యవసరానికి 112
- యాప్ అప్‌డేట్లు, బ్యాకప్‌లు ఆ రోజుకి ఆపడం

కరెంటు పోయాక:

- బ్యాటరీ సేవర్ ఆన్, మొబైల్ డేటా ఆఫ్. కాల్స్, ఎస్ఎంఎస్‌లకి డేటా అక్కర్లేదు
- సిగ్నల్ అసలు లేకపోతే ఎయిర్‌ప్లేన్ మోడ్. గంటకోసారి ఐదు నిమిషాలు తీసి చూడటం. ఏ వేళకి తీస్తారో చుట్టాలతో ముందే అనుకుంటే కాల్ కలుస్తుంది
- ఇంట్లో రెండు ఫోన్లుంటే ఒకటి పూర్తిగా ఆఫ్
- ఫోన్ టార్చి బదులు చేతి లైటు

11. ఆ తర్వాత

నెలకోసారి నాలుగో మెట్టు పేజీ ఒకసారి తెరిస్తే చాలు. పెద్ద సిస్టమ్ అప్‌డేట్ వచ్చినప్పుడు మాత్రం మూడో మెట్టు జాబితా యాప్‌లకి ఇచ్చిన అనుమతులు అలాగే ఉన్నాయో లేదో చూసుకోండి, కొన్ని ఫోన్లు వాటిని మొదటికి తెస్తాయి.

ఇన్ని చేసినా మధ్యాహ్నానికే ఛార్జింగ్ అయిపోతుంటే, 30 శాతం దగ్గర ఉన్నట్టుండి ఆఫ్ అవుతుంటే, అది బ్యాటరీ మార్చాల్సిన ఫోను. సర్వీస్ సెంటర్‌కి ఇవ్వండి. వెనక మూత కాస్త ఉబ్బినట్టో, తెర అంచు లేచినట్టో కనిపిస్తే ఇక ఛార్జింగ్ పెట్టొద్దు, నొక్కి సరిచెయ్యొద్దు. మే ఎండలో బండి హోల్డర్‌కి తగిలించి ఛార్జ్ చేస్తూ తిరిగే ఫోన్లు త్వరగా ఈ స్థితికి వస్తాయి. అలాంటివాళ్ళు మూతని వారానికోసారి వేలితో తడిమి చూసుకోవాలి.